స్కాన్ అయింది, దొరకదు: తెలుగు పుస్తకాలూ మెటాడేటా చిక్కులూ

ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే ఉచిత డిజిటల్ గ్రంథాలయంలో పాత తెలుగు పుస్తకాల కోసం వెతికేవాళ్లకు ఈ తంటా కొత్త కాదు. ఫలానా పుస్తకం అక్కడ ఉందని తెలుసు. చదివినవాళ్లు చెప్పారు కూడా. పేరు తెలుగులో కొడితే రాదు, ఇంగ్లిషు అక్షరాల్లో కొడితే ఇంకేవేవో వస్తాయి. ఎవరో పంపిన లింకు పట్టుకుని వెళ్తే మాత్రం పుస్తకం నిక్షేపంలా ఉంటుంది. పేజీలన్నీ ఉంటాయి, అచ్చు చదవడానికి వీలుగానే ఉంటుంది. లోపమల్లా పుస్తకం మీద అంటించిన చీటీలో ఉంది.

మెటాడేటా అంటే ఆ చీటీయే. పుస్తకం పేరు, రాసినవారు, వేసినవారు, ఏ ఏడు, ఏ ఊరు, ఏ విషయం, ఎవరి హక్కు, ఏ లైబ్రరీ ప్రతి అన్న వివరాలన్నీ అందులోకి వస్తాయి. బీరువాలో ఉన్న పుస్తకానికి చీటీ తప్పుగా ఉన్నా వరసలు తిరుగుతూ పోతే ఎప్పటికో కంటబడుతుంది. కంప్యూటర్‌లో ఉన్నదానికి ఆ వీలు లేదు. అక్కడ తిరగడానికి వరసలుండవు, అడిగిన మాట చీటీలో ఉంటే వస్తుంది, లేకపోతే లేదు.

ఈ పుస్తకాలు అక్కడికి ఎలా చేరాయో చూస్తే చీటీ ఎందుకిలా ఉందో అర్థమవుతుంది. చిత్తూరు జిల్లా నుంచి వెళ్లి అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో స్థిరపడ్డ కంప్యూటర్ శాస్త్రవేత్త రాజ్ రెడ్డి పది లక్షల పుస్తకాలను స్కాన్ చేసే పథకానికి పూనుకున్నారు. 2000 తర్వాతి తొలి ఏళ్లలో మన దేశం వైపు నుంచి బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్, హైదరాబాదులోని ట్రిపుల్ ఐటీ వంటి సంస్థలు అందులో చేరాయి. అదే ఇక్కడ డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా అయింది. లైబ్రరీల నుంచి పుస్తకాలు స్కానింగ్ కేంద్రాలకు వచ్చాయి, లక్షల సంఖ్యలో స్కాన్ అయ్యాయి. తర్వాత కాపీరైటు అభ్యంతరాల మధ్య ఆ సైటు మూతపడింది. అదృష్టవశాత్తు అప్పటికే పబ్లిక్ రిసోర్స్ అనే అమెరికా సంస్థ చొరవతో చాలా పుస్తకాలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌కు చేరాయి. పుస్తకాలతో పాటు వాటి చీటీలూ యథాతథంగా వెళ్లాయి, తప్పులతో సహా.

తప్పుల్లో మొదటిది, అన్నిటికన్నా ఖరీదైనది లిపి. తెలుగు పుస్తకం పేరును తెలుగులో కాకుండా ఇంగ్లిషు అక్షరాల్లో ఎక్కించారు. పోనీ, ఎక్కించిన పద్ధతైనా ఒకటి కాదు. దీర్ఘానికి ఒకచోట 'ఎ' అక్షరం ఒకటే ఉంటుంది, ఇంకోచోట రెండు ఉంటాయి. సున్నాకు ఒకచోట 'ఎన్', ఒకచోట 'ఎమ్', మరోచోట 'ఎన్' పక్కన ఒక కొక్కెం. 'ఆంధ్ర' అన్న రెండక్షరాల మాటే అరడజను వేషాల్లో కనిపిస్తుంది. తెలుగును ఇంగ్లిషు అక్షరాల్లో రాయడానికి పద్ధతులు లేక కాదు. అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వాడే పట్టిక ఉంది, 2001లో వచ్చిన ఐఎస్ఓ 15919 ప్రమాణం ఉంది. అయితే వాటిలో అక్షరాల మీదా కిందా గీతలూ చుక్కలూ ఉంటాయి. స్కానింగ్ కేంద్రంలో మామూలు కీబోర్డు ముందు కూర్చున్న ఉద్యోగికి అవెక్కడివి? పైగా ఇలాంటి పథకాల్లో రోజుకు ఎన్ని పేజీలు అయ్యాయన్నదే లెక్కకు వస్తుంది. పేరు సరిగ్గా ఎక్కించడం ఎవరి లెక్కలోకీ రాదు.

నిజానికి కంప్యూటర్‌లో తెలుగు అక్షరాలు రాసుకునే యూనికోడ్ అప్పటికే ఉంది. పేరు తెలుగులో ఎక్కించి, ఇంగ్లిషు అక్షరాల రూపాన్ని పక్క గడిలో పెట్టి ఉంటే సరిపోయేది. లైబ్రరీ ప్రపంచానికి ఇది కొత్త సంగతీ కాదు. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో హెన్రియెట్ ఆవ్రమ్ 1960లలో రూపొందించిన, పుస్తకాల చీటీని కంప్యూటర్ చదవగలిగేలా రాసే మార్క్ పద్ధతిలో, మూల లిపిలో పేరు రాసుకోవడానికి 880 నంబరు గడి ఒకటి తర్వాతి కాలంలో ప్రత్యేకంగా చేరింది.

ఈ చిక్కును కొంతవరకు విప్పింది తెలుగు వికీపీడియా ఔత్సాహికులు. వాళ్లు డిజిటల్ లైబ్రరీలోని తెలుగు పుస్తకాలను ఒక్కొక్కటే తెరిచి, ముఖపత్రం చదివి, గ్రంథం పేరు, రచయిత, విభాగం, ప్రచురణ తేదీలను తెలుగులో రాసి, అకారాది క్రమంలో పెద్ద జాబితా కట్టారు. ప్రతి పుస్తకం పక్కన బార్‌కోడ్ నంబరు కూడా వేశారు. అంకెలే కదా అని ఎవరూ పట్టించుకోని ఆ గడే చివరికి అక్కరకొచ్చింది. పాత సైటు పోయింది, లింకులన్నీ చచ్చిపోయాయి. కానీ ఆర్కైవ్‌కు వెళ్లిన చీటీల్లో ఆ బార్‌కోడ్ నిలిచి ఉంది. జాబితాలోని నంబరు తీసుకెళ్లి ఆర్కైవ్‌లో వెతికితే పుస్తకం దొరుకుతుంది. పేరు మారవచ్చు, చిరునామా మారవచ్చు, మారని గుర్తింపు సంఖ్య ఒకటి చీటీలో ఉండితీరాలని లైబ్రేరియన్లు పట్టుబట్టేది ఇందుకే.

లోపలి పాఠమంతా వెతకొచ్చు కదా?

ఇప్పుడు చాలామంది అడిగే ప్రశ్న ఇది. అచ్చు పేజీని కంప్యూటరే చదివేస్తున్నప్పుడు ఈ చీటీలు రాసే చాకిరీ ఎందుకు అని. ప్రశ్నలో న్యాయం లేకపోలేదు. చాలాకాలం ఆర్కైవ్‌లోని తెలుగు పుస్తకాల వివరాల్లో, ఈ భాషకు ఓసీఆర్ (అచ్చు బొమ్మను అక్షరాలుగా చదవడం) ప్రస్తుతం చేయలేం అన్న అర్థంలో ఒక ఇంగ్లిషు వాక్యం కనిపించేది. 2020లో ఆర్కైవ్ టెసెరాక్ట్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కు మారాక భారతీయ భాషలకు దారి తెరుచుకుంది. అచ్చు శుభ్రంగా ఉంటే తెలుగు బాగానే చదువుతోంది.

అయితే పాత పుస్తకాలన్నీ శుభ్రంగా ఉండవు. అరిగిపోయిన అచ్చులో ఘ, ఫ, ష ఒకదాన్ని చూసి ఒకటి అనిపిస్తాయి. ధకూ థకూ తేడా ఒక చుక్క. వత్తులు కింది పంక్తి తలకట్లతో కలిసిపోతాయి. ఇవన్నీ రేపు బాగుపడతాయనే అనుకుందాం. అయినా తీరని చిక్కు వేరే ఉంది. గురజాడ అని వెతికితే గురజాడను తలచుకున్న ప్రతి వ్యాసమూ, ప్రతి పీఠికా, ప్రతి సభా వార్తా వచ్చి పడతాయి. ఆయన రాసినవి ఏవో, ఆయన గురించి రాసినవి ఏవో పాఠానికి తెలియదు. ఆ తేడా చెప్పేది రచయిత గడి, విషయం గడి. ఇక ఒక పుస్తకం మొత్తం రైతుల అప్పుల గురించే అయినా ఆ రెండు మాటలూ అందులో పక్కపక్కన ఎక్కడా రాకపోవచ్చు. పాఠంలో లేని మాటతో పుస్తకాన్ని పట్టించగలిగేది చదివిన మనిషి రాసిన చీటీ ఒక్కటే. ఓసీఆర్ వచ్చాక చీటీ పని తగ్గిందనడం కన్నా, చీటీ సరిగ్గా ఉన్నచోట ఓసీఆర్ బాగా అక్కరకొస్తుందనడం నిజానికి దగ్గర.

పేరులో ఏముందంటే

మెటాడేటాకు అందరూ ముందుగా చెప్పుకునే ప్రమాణం డబ్లిన్ కోర్. ఐర్లండ్ డబ్లిన్ కాదు, అమెరికా ఒహాయో రాష్ట్రంలోని డబ్లిన్. 1995లో అక్కడ జరిగిన సమావేశంలో పుట్టి, తర్వాత 15 గడులుగా స్థిరపడింది: శీర్షిక, కర్త, విషయం, వివరణ, ప్రచురణకర్త, తేదీ, భాష, హక్కులు ఇలా. సులువుగా ఉండాలన్నది దాని ఉద్దేశం. ఆ సులువులోనే చిక్కుంది. కర్త అన్న గడి ఉందని చెబుతుంది గానీ కర్త పేరును ఎలా రాయాలో చెప్పదు. తెలుగులో అసలు కథంతా అక్కడే.

తెలుగువాళ్ల ఇంటిపేరు ముందుంటుంది. పాశ్చాత్య పద్ధతికి తయారైన ఫారంలో మొదటి పేరు, చివరి పేరు అని రెండు గడులుంటాయి. గురజాడ వేంకట అప్పారావు అన్న పేరును ఆ గడుల్లో కూరితే 'అప్పారావు' ఇంటిపేరై, 'గురజాడ' ముద్దుపేరై కూర్చుంటాయి. ఇంగ్లిషులో రాసేటప్పుడు గురజాడలో 'జా'కు కొందరు 'జె' వేస్తారు, కొందరు 'జెడ్' వేస్తారు. అప్పారావును ఒక మాటగా రాసేవారున్నారు, రెండుగా విడగొట్టేవారున్నారు. లెక్కవేస్తే ఒకే మనిషి యంత్రం కంటికి పదిమందిగా కనిపించడం ఏమీ వింత కాదు.

కలంపేర్లది మరో గొడవ. శ్రీశ్రీని శ్రీరంగం శ్రీనివాసరావు అని, ఆరుద్రను భాగవతుల సదాశివశంకర శాస్త్రి అని ఎక్కిస్తే సాంకేతికంగా తప్పు లేదు, కానీ ఆ పేర్లతో వెతికేవాళ్లు ఎందరు? దీనికి లైబ్రరీలు ఏనాడో కనిపెట్టిన విరుగుడు ప్రామాణిక నామ పట్టిక. మనిషికి ఒక సంఖ్య ఇచ్చి, ఆయనకున్న పేర్లన్నీ, లిపులన్నీ, వర్ణక్రమాలన్నీ ఆ సంఖ్య కిందకు చేరుస్తారు. పుస్తకం చీటీలో ఉండాల్సింది నిజానికి ఆ సంఖ్య. 2012లో మొదలైన వికీడేటా ఈ పనిని అందరికీ అందుబాటులోకి తెచ్చింది. అక్కడ శ్రీశ్రీకి ఒక సంఖ్య ఉంటుంది, దాని కింద తెలుగు పేరూ ఇంగ్లిషు పేరూ అసలు పేరూ ఉంటాయి. ఏ పేరుతో అడిగినా ఒకే చోటికి చేరుస్తుంది. చిన్న లైబ్రరీ సొంతంగా పేర్ల పట్టిక కట్టుకోనక్కర్లేదు, ఆ సంఖ్యను తెచ్చి తన జాబితాలో వేసుకుంటే చాలు. ఇంత చౌకగా దొరికే మేలు మెటాడేటాలో మరొకటి కనిపించదు.

ఒకరు పదిమందిగా చీలడం ఒక పక్కనుంటే, ఇద్దరు ఒకరైపోవడం ఇంకో పక్క. కర్త గడిలో 'వేటూరి' అని మాత్రమే రాసి వదిలేశారనుకుందాం. తాళపత్రాలు పరిష్కరించిన వేటూరి ప్రభాకరశాస్త్రి, సినిమా పాటలు రాసిన వేటూరి సుందరరామమూర్తి కలిసిపోతారు. ఇది వెతుకులాట ఇబ్బందితో ఆగదు, చట్టం దాకా వెళుతుంది. 1957 నాటి మన కాపీరైటు చట్టం ప్రకారం రచయిత జీవించి ఉన్నప్పుడు ప్రచురించిన రచనకు, ఆయన పోయిన మరుసటి క్యాలెండరు సంవత్సరం నుంచి లెక్కవేసి 60 ఏళ్లు హక్కు ఉంటుంది. 1992 సవరణకు ముందు ఇది 50 ఏళ్లు. ప్రభాకరశాస్త్రి 1950లో పోయారు, హక్కు 2010తో తీరింది. సుందరరామమూర్తి 2010లో పోయారు, హక్కు 2070 చివరిదాకా ఉంటుంది. అందుకే రచయిత మరణ సంవత్సరం అన్న గడి ఏ డిజిటల్ గ్రంథాలయానికైనా అలంకారం కాదు. ఆ ఒక్క అంకె ముందే ఎక్కించి ఉంటే ఏ పుస్తకాలు అందరికీ తెరవాలో, ఏవి మూసి ఉంచాలో కంప్యూటరే చాలావరకు వేరుచేసి పెట్టేది. అనువాదమైతే అనువాదకుడికీ వేరుగా హక్కుంటుంది గనక ఆయన సంవత్సరమూ కావాలి.

ఏ ఏడు, ఏ ముద్రణ

తేదీ గడి చూడ్డానికి అమాయకంగా ఉంటుంది. పాత తెలుగు పుస్తకాల ముఖపత్రాల మీద శాలివాహన శకం ఉండవచ్చు, తెలుగు సంవత్సరం పేరు ఉండవచ్చు. శకానికి 78 కలిపితే క్రీస్తు శకం వస్తుంది. ఉగాది ముందా వెనకా అన్నదాన్ని బట్టి ఒక ఏడు అటూ ఇటూ అవుతుంది. కనక శకం 1850 అంటే 1928-29. సంవత్సరం పేరు ఒక్కటే ఉంటే చిక్కు పెద్దది. 'వికారి' 1899లో వచ్చింది, 1959లో వచ్చింది, 2019లో మళ్లీ వచ్చింది. కాగితం, అచ్చు తీరు, ధర చూసి ఏ వికారో తేల్చాలి.

తాళపత్రాలు రాసిన లేఖకులు ఈ విషయంలో మనకన్నా జాగ్రత్తపరులు. ప్రతిని ముగించేచోట సంవత్సరం పేరుతో పాటు మాసం, తిథి, వారం కూడా రాసే అలవాటు వాళ్లలో చాలామందికి ఉండేది. ఆ తిథి ఆ వారంలో పడింది ఏ అరవయ్యేళ్ల చుట్టులోనో గణించి అసలు ఏడు పట్టుకోవచ్చు. కవులూ తక్కువవాళ్లేం కాదు. తిక్కన ప్రతి ఆశ్వాసం చివరి గద్యలో తన బిరుదు, తండ్రి పేరు, తన పేరు, గ్రంథం, పర్వం, ఎన్నో ఆశ్వాసం అన్నీ చెబుతాడు. మధ్యలో నాలుగు ఆకులు విడిగా దొరికినా, ఆ గద్య అందులో ఉంటే అవి ఎక్కడివో తెలిసిపోతుంది. ఇవాళ స్కాన్ ఫైలుకు 'కొత్తది 2 ఫైనల్' అని పేరు పెట్టేవాళ్లు ఒకసారి ఆ గద్యలు చూడాలి.

తేదీ కచ్చితంగా తెలియనప్పుడు చాలామంది గడి ఖాళీగా వదిలేస్తారు, లేదా సున్నా కొడతారు. రెండూ నష్టమే. 1930 ప్రాంతం అని తెలిస్తే ఆ మాత్రమైనా రాయాలి. అందుకు పద్ధతి కూడా ఉంది. ఐఎస్ఓ 8601 ప్రమాణానికి 2019లో వచ్చిన రెండో భాగంలో సుమారు సంవత్సరాన్నీ, దశాబ్దం మాత్రమే తెలిసిన సంవత్సరాన్నీ యంత్రానికి అర్థమయ్యేలా రాసే గుర్తులు ఇచ్చారు.

ఏ ముద్రణ అన్నది ఒక్కోసారి పుస్తకం పేరంత ముఖ్యం. కన్యాశుల్కం 1897లో అచ్చయింది. 1909లో గురజాడ దాన్ని బాగా పెంచి, తిరగరాసి మళ్లీ వేశారు. పేరొకటే, చదివే నాటకం ఒకటి కాదు. 'కన్యాశుల్కం, గురజాడ' అని మాత్రమే ఉన్న చీటీ పరిశోధకుడికి ఏమీ చెప్పనట్టే లెక్క. పైగా పాత ముద్రణల్లో అది 'కన్యాశుల్కము'. అలాగే చరిత్ర, చరిత్రము, చరిత్రం. అరసున్న ఉన్న మాట, లేని మాట. బండి ఱ, మామూలు ర. ముఖపత్రం మీద ఎలా ఉందో చీటీలో అలాగే ఉండాలన్నది మంచి నియమం, దాన్ని మార్చకూడదు. వెతికేటప్పుడు ఈ రూపాలన్నిటినీ ఒకటిగా చూసే పని సాఫ్ట్‌వేర్‌ది. ఆ పని చేయకుండా, వెతికేవాళ్లకు వర్ణక్రమం రాదని నిందించే సైట్లే ఎక్కువ.

బైండు పుస్తకాల సంగతి వేరే చెప్పాలి. పాత లైబ్రరీల్లో చిన్న పుస్తకాలు నాలుగైదు కలిపి ఒకే బైండు చేయించడం మామూలే. శతకాలు, బుర్రకథలు, కరపత్రాల్లాంటి పొత్తాలు ఎక్కువగా అలా కలిసిపోయాయి. స్కాన్ చేసినవాళ్లు మొదటి ముఖపత్రం చూసి ఆ పేరు ఎక్కిస్తే మిగతా నాలుగూ మాయమైనట్టే. చిత్రంగా, వేరే ఎక్కడా దొరకని పుస్తకం ఉండే అవకాశం ఆ నాలుగింట్లోనే ఎక్కువ. పత్రికల బైండులోనైతే సంచికల పొరపాట్లు తోడవుతాయి. 1924 నుంచి నడిచిన భారతి వంటి మాసపత్రికకు సంపుటి, సంచిక, నెల వేరువేరు గడుల్లో లేకపోతే, ఒక వ్యాసం కోసం ఏడాది బైండంతా తిప్పాల్సిందే.

విషయం గడి దగ్గర ఇక్కడివాళ్లు ఎక్కువ ఆలోచించాలి. లైబ్రరీలు పుస్తకాలను విషయాన్ని బట్టి అంకెలతో వరసపెట్టే డ్యూయీ దశాంశ వర్గీకరణలో తెలుగు సాహిత్యానికి 894.827 అన్న సంఖ్య ఉంది. దాని కింద కవిత్వం, నాటకం, కథాసాహిత్యం అన్న విభజన వస్తుంది. యక్షగానం అందులో ఎక్కడ? పాట, ఆట, పద్యం, వచనం అన్నీ ఉన్నదాన్ని నాటకమని ఒకరు, కవిత్వమని మరొకరు వేస్తారు. హరికథ, అవధానం, ద్విపద, ఉదాహరణం పరిస్థితీ అంతే. వర్గ సంఖ్య ఎలా ఉన్నా, విషయం గడిలో మన ప్రక్రియ పేర్లను తెలుగులో, ఎప్పుడూ ఒకే రూపంలో వేసుకుంటే ఈ ఇరుకు నుంచి బయటపడొచ్చు. ఒకే రూపంలో అన్నది ముఖ్యం. ఒకచోట 'శతకం', ఒకచోట 'శతకాలు', ఒకచోట 'శతక సాహిత్యం' అని వేస్తే మూడు గుంపులవుతాయి. మద్రాసు విశ్వవిద్యాలయ లైబ్రరీలో పనిచేసిన ఎస్.ఆర్. రంగనాథన్ 1933లో కోలన్ వర్గీకరణ తెచ్చింది కూడా ఇలాంటి ఇరుకు నుంచే. ఒక పుస్తకాన్ని ఒకే అరలో కూర్చోబెట్టే బదులు దానికున్న ముఖాలన్నీ విడివిడిగా గుర్తించి కలపాలన్నది ఆయన ఆలోచన. ఇప్పటి షాపింగ్ సైట్లలో ధర, రంగు, సైజు విడివిడిగా ఎంచుకోవడం వెనకున్నదీ ఆ తర్కమే.

స్కాన్ రెజల్యూషన్, ఫైలు రకం వంటి సాంకేతిక వివరాలు యంత్రమే రాసుకుంటుంది, వాటి గురించి బెంగ లేదు. ఒక్క విషయంలో మాత్రం యంత్రాన్ని నమ్మకూడదు. ఇంట్లోని 1962 నాటి పెళ్లి ఫొటోను ఇవాళ ఫోనుతో తీస్తే, ఫొటో ఫైలు లోపల కెమెరా దానంతటదే రాసే ఎగ్జిఫ్ వివరాల్లో ఇవాళ్టి తేదీ పడుతుంది. గ్యాలరీలో అది నిన్నటి టిఫిన్ బొమ్మ పక్కన చేరుతుంది. తేదీని చేత్తో మార్చి, ఎవరెవరు ఎక్కడ నిలబడ్డారో వివరణ గడిలో రాయాలి. అదీ గుర్తుపట్టగల పెద్దవాళ్లు ఇంట్లో ఉండగానే.

ఎన్ని గడులు నింపాలన్న దగ్గర అతి ఉత్సాహం కూడా ప్రమాదమే. ముప్పై గడుల ఫారం ఇస్తే ఎక్కించేవాళ్లు విసిగి సగం వదిలేస్తారు, మిగతా సగం తోచింది వేస్తారు. తెలుగు లిపిలో శీర్షిక, ప్రామాణిక సంఖ్యతో కర్త, కర్త మరణ సంవత్సరం, ముద్రణ, సంవత్సరం, ప్రచురణకర్త, ప్రక్రియ, ఏ లైబ్రరీ ప్రతి, మారని గుర్తింపు సంఖ్య. ఇవి సరిగ్గా ఉంటే పాత తెలుగు పుస్తకానికి చాలావరకు సరిపోతుంది. వీటిలో చాలా వివరాలు ముఖపత్రం మీదా దాని వెనకా దొరుకుతాయి. పుస్తకం చేతిలో ఉండగా తెలుగు చదవగలిగిన మనిషికి ఇది కొద్ది నిమిషాల పని. స్కానర్ల కొనుగోలుకు దొరికినంత సులువుగా ఆ మనిషి జీతానికి డబ్బు దొరకకపోవడమే అసలు సమస్య.

ఒకసారి తప్పు పడితే అది ఎక్కడ ఆగుతుందో చెప్పలేం. ఐఐటీ ఖరగ్‌పూర్ నడిపే నేషనల్ డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వంటివి ప్రధానంగా వేరేచోట్ల ఉన్న వనరుల మెటాడేటాను సేకరించి ఒక్కచోట వెతకనిస్తాయి. సేకరణ ఎంత విస్తృతంగా జరిగితే మూలంలోని తప్పు అంత దూరం వెళ్తుంది. దిద్దుబాటు మాత్రం అంత సులువుగా వెనక్కి ప్రయాణించదు. వికీపీడియా జాబితాలో తెలుగులో సరిగ్గా రాసిన పేరు ఆర్కైవ్ చీటీలోకి దానంతటది వెళ్లి చేరదు. ఆర్కైవ్‌లో చీటీ దిద్దే వీలు ఆ పుస్తకం ఎక్కించిన ఖాతాకూ అక్కడి సిబ్బందికీ ఉంటుంది. పుస్తకం అసలు పేరు, ఏ ముద్రణో, బైండులో ఇంకేమేం కలిసి ఉన్నాయో తెలిసిన పాఠకుడికి మిగిలేది పేజీ అడుగున రివ్యూ రాసుకునే గడి. అక్కడైనా పేరు తెలుగు లిపిలో రాసిపెడితే తర్వాత వచ్చినవాళ్లు తెరిచింది ఏ పుస్తకమో తెలుసుకోగలుగుతారు. అందరికీ చేరాలంటే ఇలాంటి దిద్దుబాట్లను పోగుచేసి, సరిచూసి, మూల రికార్డులోకి ఎక్కించే బాధ్యత ఏదో ఒక విశ్వవిద్యాలయమో గ్రంథాలయ సంస్థో తీసుకోవాలి. బార్‌కోడ్‌లతో సహా జాబితా ఎలాగూ సిద్ధంగా ఉంది.